జి, హెచ్, టి మీద అనుమానం

ఆ రోజు నేను దిద్దిన నలభై ఒక్క పేపర్లలో నలభై ఒకేలా ఉన్నాయి. నైట్, లైట్, రైట్, ఫైట్, టైట్. కాస్త చదివే పిల్లలు బ్రైట్, థాట్, డాటర్ దాకా వచ్చి ఆగిపోయారు. నలభై ఒకటో పేపరు చూసి ఎర్ర పెన్ను మూత పెట్టేశాను.

చిత్తూరులో మా డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు అసోసియేషన్ తరఫున ప్రతి ఏడూ ఒక పోటీ పెడతాం. బోర్డు మీద మూడక్షరాలు రాస్తాం. ఆ మూడూ అదే వరసలో పక్కపక్కన వచ్చే ఇంగ్లీషు మాటలు అరగంటలో ఎన్ని తోస్తే అన్ని రాయాలి. ఆ ఏడు ఇచ్చిన అక్షరాలు జి, హెచ్, టి. మొదటి బహుమతి ఒక లావుపాటి డిక్షనరీ. దిద్దే పని నాది.

ఆ నలభై ఒకటో పేపర్లో అరవై మూడు మాటలున్నాయి. మొదటి ఇరవై అందరూ రాసినవే. ఆ తర్వాతవి చదువుతూ కుర్చీ ముందుకు జరుపుకున్నాను. హైట్ అని రాసి పక్కనే చిన్న తెలుగు అక్షరాల్లో "ఎత్తు కాదు, అనే పేరుగల" అని ఉంది. డైట్, "తిండి కాదు, అలంకరించిన". వైట్, "తెలుపు కాదు, మనిషి". సెనైట్, "ఏడు రాత్రులు, అంటే వారం". వెయిన్‌రైట్, "బండ్లు చేసే ఆచారి". స్లైట్, "గారడీవాని చేతివాటం". ఇవి చాలావరకు ఎప్పుడో వాడుక తప్పిపోయిన మాటలు. కొన్ని నేను ఎం.ఏ.లో విని మరిచిపోయాను. రెండు అసలు విననే లేదు. ఫోన్లో వెతికితే ఉన్నాయి. స్పెల్లింగు ఒక్కటీ తప్పలేదు.

రాసింది బి.కాం రెండో సంవత్సరం అమ్మాయి. నగరి నుంచి వచ్చి మా కాలేజీ పక్క హాస్టల్లో ఉండేది. క్లాసులో వెనక బెంచీ. రెండేళ్ళలో ఆమె గొంతు నేను హాజరు పిలిచినప్పుడు తప్ప వినలేదు. ఇంటర్నల్ పరీక్షల్లో ఇంగ్లీషులో వందకు యాభై దాటిన గుర్తు లేదు.

అనుమానం నాకు మా నాయన నుంచి వచ్చింది. తిరుపతి కొండమీద ఆఫీసులో గుర్తింపు కార్డులూ టికెట్లూ సరిచూసే పనిలో ఉండి ఆయన రిటైరయినాడు. ముఖం కేసి ఒకసారి, ఫోటో కేసి ఒకసారి చూడటం ఆయనకు ఎంత అలవాటంటే, ఇంటికొచ్చిన చుట్టాలను కూడా అట్లాగే చూసేవాడు. "తొందరగా నవ్వేవాడిని రెండోసారి చూడు" అనేవాడు. నేను లెక్చరర్నయ్యాక ఆ చూపు నాకు పనికొచ్చింది. పరీక్షల్లో గాజుల కింద చుట్టిన చీటీలు, స్కేలు మీద సూదితో గీకిన ఫార్ములాలు పట్టుకోవడంలో మా కాలేజీలో నాదే పైచేయి. పొద్దున్నే తిరుపతిలో బస్సెక్కి చంద్రగిరి, పూతలపట్టు మీదుగా చిత్తూరు చేరేలోగా, ఆ రోజు ఎవర్ని కనిపెట్టాలో ఆలోచించుకునేవాడిని. దాన్ని నేను బాధ్యత అనుకునేవాడిని.

కాబట్టి పేపరు పక్కన పెట్టి లెక్క వేసుకున్నాను. పోటీ గదిలోకి ఫోన్లు తీసుకుపోనివ్వలేదు. కాపలా నేనే. అంటే అక్కడ కాపీ జరగలేదు. ముందే తెలిసి ఉండాలి. అక్షరాలు ముందే తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు నేను. ఇంకొకరు మా డిపార్టుమెంటు హెడ్డు మేడం.

అక్కడికి వచ్చేసరికి నాకు పాత సంగతులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నేను మొదట ఐ, ఓ, ఎన్ పెడదామన్నాను. ఆమె వినలేదు. "అది పెడితే ప్రతివాడూ పేజీలు పేజీలు నింపేస్తాడు. దిద్దలేక నువ్వే ఏడుస్తావు. జి, హెచ్, టి పెట్టు" అంది. అప్పుడు సరే అన్నాను. ఇప్పుడు ఆ మాట తీసి చూస్తే ఆమె అంత గట్టిగా ఎందుకు చెప్పిందా అనిపించింది. మేడం సొంతూరు కూడా నగరి దగ్గర పల్లె. అన్నింటికీ మించి, పోటీకి వారం ముందు చిత్తూరు బస్టాండులో నేను కళ్ళారా చూసింది ఒకటుంది. ఆ అమ్మాయి ఒక కవరు మేడం చేతికిచ్చింది. మేడం అది లోపలికి కూడా చూడకుండా సంచీలో పెట్టేసుకుంది. ఇద్దరూ సగం తెలుగు, సగం అరవంలో నవ్వుతూ మాట్లాడుకున్నారు. ఇద్దరూ తొందరగానే నవ్వారు.

మర్నాడు అమ్మాయిని స్టాఫ్ రూముకు పిలిపించాను. మేడం ఆ వారం సెలవులో ఉంది, వాళ్ళత్తకు ఒంట్లో బాగాలేక. అదీ నాకు అనుమానంగానే తోచింది.

"ఎవరు నేర్పించినారమ్మా నీకు ఈ మాటలన్నీ?"

"ఎవరూ నేర్పించలేదు సార్. నాకు తెలుసు."

"హైట్ అంటే?"

"అనే పేరుగల అని సార్. ఇప్పుడెవరూ వాడరు."

"ఎవరూ వాడని మాట నీకెట్ల తెలిసింది?"

నేను ఒక తెల్ల కాగితం తీసి ముందుకు తోశాను. ఎ, యు, ఎన్ అని రాసి పది నిమిషాలు ఇచ్చాను. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆంట్, లాంచ్, లాండ్రీ రాసింది. రెస్టారెంట్ అని రాసి, అందులో ఆ మూడూ వరసగా రావని తెలుసుకుని కొట్టేసింది. మూడే మాటలు. నాకు లోపల సంతోషంగా ఉంది, దాచుకోను.

"చూశావా?" అన్నాను.

"సార్, నాకు ఆ మూడక్షరాలే తెలుసు."

"అదెట్ల? మిగతా ఇరవై మూడక్షరాలు ఏం పాపం చేసినాయి?"

"చెప్తే నవ్వుతారు సార్."

"చెప్పు, నవ్వను."

ఆమె నా ముఖం కేసి చూసింది. నేను నవ్వనన్న మాట ఆమె నమ్మలేదని ఇప్పుడు అర్థమవుతోంది. చెప్పకుండానే వెళ్ళిపోయింది. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోలుగా తీసుకున్నాను.

శుక్రవారం బహుమతులిచ్చే మీటింగు. మైకు నా చేతిలో ఉంది. ముప్పై రెండు మాటలు రాసిన ఫైనలియర్ అబ్బాయికి మొదటి బహుమతి అని చెప్పాను. అక్కడితో ఆపి ఉండొచ్చు. ఆపలేదు. "ఒక పేపరు విషయంలో మాకు కొన్ని సందేహాలున్నాయి, అందుకే దాన్ని లెక్కలోకి తీసుకోలేదు" అని కూడా అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. హాల్లో తలలన్నీ ఒకే వైపు తిరిగాయి. ఆ అమ్మాయి లేచి, పక్కవాళ్ళ మోకాళ్ళు దాటుకుంటూ, గబగబా కాకుండా మామూలుగానే నడిచి బయటికి వెళ్ళింది. డిక్షనరీ అందుకున్న అబ్బాయి చప్పట్ల మధ్య నా చెవిలో, "సార్, ఆ అమ్మాయి రాసిందంట, సెనైట్ అనే మాట నిజంగా ఉండాదా?" అని అడిగాడు. ఉంది అన్నాను.

సోమవారం ఆమె క్లాసుకు రాలేదు. మంగళవారం రాలేదు. హాస్టల్లో అడిగితే ఇంటికి పోయిందన్నారు. తప్పు బయటపడితే ఎవరైనా అట్లాగే పోతారని సర్దిచెప్పుకున్నాను.

బుధవారం మేడం సెలవు నుంచి వచ్చింది. సంగతి విని నా టేబులు ముందు నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ పాపకు నేను చెప్పినానని అనుకుంటా ఉండావు కదప్పా?"

నేను టేబులు మీది పేపర్లు సర్దుకున్నాను.

"అడుగు. ఏముండాదో అడిగేయ్."

"బస్టాండులో కవరు..."

"మా ఆయనకు లుంగీలు. నగరివి తప్ప కట్టడు. ఇంటికి పోయినప్పుడు తెచ్చిపెట్టమ్మా అని నేనే చెప్పినా. సూస్తావా? ఒకటి కట్టేసినాడు, ఇంకోటి మడత కూడా ఇప్పలేదు."

అయినా ఊరుకోలేదు. "అక్షరాలు మీరే గట్టిగా పట్టుబట్టినారు మేడం."

అప్పుడామె కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు తగ్గించింది.

"పట్టుబట్టినా. నిజమే. ఆ పాప ఫస్టియర్లో ఒకరోజు నోట్‌బుక్ ఒకటి తెచ్చి, ఒక మాట ఎట్ల పలకాల మేడం అనడిగింది. నోట్‌బుక్ నిండా ఆ మూడక్షరాల మాటలే. యాడెక్కడివో ఏరి పెట్టుకోనుండాది. నాకు ఆశ్చర్యమైపోయింది. ఈ బిడ్డ ఒక్కసారన్నా అందరి ముందర గెలిస్తే బాగుంటుందనిపించినాది. అందుకే పెట్టినా. ఆ పాపతో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. చెప్తే అది ఆ పోటీకే రాదు."

"అంటే తెలిసే పెట్టినారు."

"తెలిసే పెట్టినా. నాదీ తప్పే. కాని నువ్వు మైకులో చెప్పినావే, అది ఇంకో రకం తప్పు."

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు మొదట కలిగింది ఊరట. నా అనుమానం సగం నిజమైంది కదా అని. ఆ ఊరట పోవడానికి సాయంత్రం బస్సు పూతలపట్టు దాటేదాకా పట్టింది. పోయాక కూడా మేడం చెప్పింది పూర్తిగా నమ్మలేదు. నోట్‌బుక్ అనేది ఒకటి నిజంగా ఉందా? ఉంటే కళ్ళతో చూడాలి.

ఆదివారం తిరుపతి నుంచి పుత్తూరు మీదుగా నగరి వెళ్ళాను. హాస్టల్లో ఇచ్చిన గుర్తులు పట్టుకుని, మరమగ్గాల చప్పుడు ఆగని వీధిలో వాళ్ళ ఇల్లు కనుక్కున్నాను. ముందు గదిలో రెండు మగ్గాలు, వెనక గదిలో కాపురం. వాళ్ళ నాయన నన్ను చూసి మగ్గం ఆపాడు. పక్కిళ్ళ మగ్గాలు ఆగలేదు కాబట్టి అందరం కాస్త గట్టిగానే మాట్లాడుకోవాల్సి వచ్చింది.

వాళ్ళమ్మ కుర్చీ తుడిచి వేసింది. "కూకోండి సార్. పాపేమన్నా తప్పు సేసిందా? వచ్చినప్పట్నించీ నోరిప్పలేదు."

"లేదమ్మా. ఆ అమ్మాయి నోట్‌బుక్ ఒకసారి చూద్దామని వచ్చినాను."

తప్పు నాదని చెప్పాల్సిన చోట, నోట్‌బుక్ చూద్దామని వచ్చానన్నాను. ఆ తేడా అమ్మాయికి తెలిసిపోయింది. లోపలికెళ్ళి తెచ్చి నా చేతిలో పెట్టి, గోడకానుకుని నిలబడింది.

లావు అట్ట, అంచులు నలిగిన రెండు వందల పేజీల నోట్‌బుక్. నేను మొదట చేసిన పని ఏమిటంటే, కాగితాన్ని వెలుతురు కేసి పట్టి సిరా చూడటం. కొత్తగా ఒక్కసారే రాసిందేమో అని. మొదటి పేజీలు పెన్సిలు, గుండ్రని చిన్నపిల్ల అక్షరాలు. తర్వాత నీలం పెన్ను, చెయ్యి కుదురుకుంటున్న రాత. ఆ తర్వాత నల్ల జెల్ పెన్ను, ఇప్పటి రాత. నడుమ ఒక పేజీ మీద నూనె మరక. ఒకచోట మగ్గం దారం పోగు ఒకటి అతుక్కుని ఎండిపోయింది. ఇన్నేళ్ళ రాతను ఒక వారంలో ఎవరూ పుట్టించలేరు. మొదటి పేజీలో మొదటి మాట నైట్. దాని కింద తెలుగులో "నిగ్‌హ్‌ట్" అని రాసి, కాగితం చిరిగేటట్టు కొట్టేసి ఉంది.

"ఇదేంది?" అన్నాను.

ఈసారి చెప్పింది. ఆరో తరగతిలో తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియంలోకి మార్చారట. మొదటి వారంలోనే నిలబెట్టి పాఠం చదవమన్నారు. నైట్ అనే మాట ఉన్న వాక్యాన్ని అక్షరాలు ఎట్లుంటే అట్ల, నిగ్‌హ్‌ట్ అని కూడబలుక్కుని చదివింది. క్లాసంతా నవ్వింది. టీచరుకు కూడా నవ్వొచ్చి, పక్క సెక్షన్‌కు తీసుకుపోయి అక్కడ కూడా ఆ వాక్యం చదివించారట. అప్పటినుంచి పదో తరగతి అయ్యేదాకా పిల్లలు ఆమెను పేరుతో పిలవలేదు. నిగ్గుటు అని పిలిచారు.

"రాసేదొకటి, పలికేదొకటి సార్. ఆ మూడక్షరాలు నన్ను మోసం చేసినట్టనిపించింది. అందుకే యాడ కనిపించినా పట్టుకుని రాసి పెట్టుకుంటా. ఇంకోసారి చేయకుండా."

వాళ్ళమ్మ కూతురి కేసి తిరిగింది. "ఇదంతా మాకెప్పుడు సెప్పినావే?" అంది.

పేజీలు తిప్పాను. ప్రతి మాటకూ తెలుగు అర్థం, దాని పక్కన ఆమె సొంత గుర్తు. అర్థాలు రాసే అలవాటు పోటీలో కూడా పోలేదన్నమాట. డైట్ దగ్గర "జాతర రోజు అమ్మవారు" అని ఉంది. బైట్ అనే మాట పక్కన "కొరకడం కాదు, నీళ్ళు లోపలికి వంగిన ఒడ్డు, తడ అవతల పులికాట్ దగ్గర స్కూలు పిల్లలతో పోయినప్పుడు చూసినా" అని ఉంది. డౌటీ దగ్గర "డౌటు కాదు, ధైర్యం గల" అని రాసి రెండు గీతలు గీసింది. మాటలు దొరికిన చోట్లు కూడా రాసుకుంది. పాత పేపర్లవాడి కొట్టు, ఊళ్ళో లైబ్రరీ, అక్కడ అట్టలూడిన డిక్షనరీ, తర్వాత తర్వాత ఫోను.

నోట్‌బుక్ మూసి ఇచ్చేశాను. "నాదే తప్పమ్మా" అన్నాను. మగ్గాల చప్పుడుకు వినబడలేదేమోనని ఇంకోసారి గట్టిగా అన్నాను.

"నన్నెందుకు అనుమానించినారు సార్?"

"నీకు తెలిసుండదనుకున్నా."

"ఎందుకు తెలిసుండదు?"

దానికి నా దగ్గర జవాబు ఉంది, కాని ఆ ఇంట్లో ఆ కుర్చీలో కూర్చుని చెప్పలేకపోయాను. అదే పేపరు తిరుపతిలో మంచి స్కూల్లో చదివి వచ్చిన పిల్లో, మా వీధి పిల్లో రాసి ఉంటే, నేను దాన్ని పట్టుకుని స్టాఫ్ రూమంతా తిరిగి చూపించేవాడిని. సిరా చూసేవాడిని కాదు.

ఆమె నోట్‌బుక్ చంకలో పెట్టుకుంది. "మైకులో చెప్పినారు కదా సార్. మళ్ళీ అందరి ముందరే చెప్తారా?"

చెప్తానన్నాను. చెప్పడం తేలికగా కాలేదు. ఆ బుధవారం సెమినార్ హాల్లో మళ్ళీ మైకు పట్టుకున్నాను. పేపరు సరైనదేననీ, సందేహించినది నా పొరపాటనీ, అరవై మూడు మాటలు రాసింది ఆ అమ్మాయేననీ చెప్పి, నేను కొనుక్కొచ్చిన అదే డిక్షనరీ ఆమెకిచ్చాను. వెనక వరసలో ఎవరో ఈల వేశారు. ఆమె నవ్వలేదు, పుస్తకం రెండు చేతులా తీసుకుంది.

బయట వరండాలో నన్ను ఆపింది. "సార్, ఆ మూడక్షరాలు ఎవరు పెట్టినారు?"

మేడం మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. "ఊరకే అనుకుని పెట్టినాం" అన్నాను.

ఆమె ఒకసారి నా ముఖం కేసి, ఒకసారి చేతిలో డిక్షనరీ కేసి చూసింది. సరే సార్ అని వెళ్ళింది. నమ్మలేదు. అప్పట్నించీ కారిడార్లో ఎదురైనప్పుడల్లా నన్ను చూసి నమస్తే అనేది, కాని ఆ చూపులో ఒక లెక్క ఉండేది. ఇంతకాలం నేను ఇతరుల్ని అట్లా చూస్తుంటే వాళ్ళకు ఎట్లా ఉంటుందో నాకు తెలియలేదు.

వేసవి సెలవుల ముందు మేడం రిటైరయింది. వీడ్కోలు సభ అయ్యాక, పూలదండలు కారులో పెట్టించుకుంటున్న ఆమెను ఆ అమ్మాయి పక్కకు పిలిచి అదే ప్రశ్న అడిగింది. మేడం దాచలేదు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను, అంతా వినబడింది.

"నా కోసం పెట్టినారా?"

"నీ కోసమే పెట్టినా బిడ్డా."

అమ్మాయి కళ్ళు నిండాయి. సంతోషమనుకున్నాను. కాదు. "అయితే అది నేను గెలిచినట్టు కాదు కదా మేడం" అంది. మేడం ఆమె తల నిమిరింది. మర్నాడు డిక్షనరీ లైబ్రరీకి చేరింది. లోపల మొదటి పేజీలో నేను రాసిన ఆమె పేరు మీద, ఊడకుండా, శుభ్రంగా తెల్ల కాగితం అంటించి ఉంది. లైబ్రేరియన్ నన్ను పిలిచి చూపించాడు. నేను ఆమెను పిలిచి అడగలేదు.

తర్వాతి ఏడు హెడ్డు బాధ్యత నాకొచ్చింది. పోటీకి ముందే అక్షరాలు నిర్ణయించడం మానేశాను. ఇరవై ఆరు చీటీలు ఒక స్టీలు డబ్బాలో వేసి, అందరి ముందూ, మొదటి వరసలో కూర్చున్న పిల్లల చేతే మూడు తీయించాను. వరస కుదరక రెండుసార్లు మళ్ళీ తీయాల్సి వచ్చింది. చివరికి ఆర్, ఎ, ఎం వచ్చాయి. ఆ అమ్మాయి అప్పుడు ఫైనలియర్. వస్తుందో రాదో అనుకున్నాను. గంట కొట్టే ముందు వచ్చి మధ్య వరసలో కూర్చుంది. చీటీలు తీయకముందే, డబ్బాలో అన్నీ సరిగా ఉన్నాయో లేదో చూస్తానంది. చూడమన్నాను. ఒక్కొక్కటీ విప్పి, ఇరవై ఆరూ లెక్కపెట్టి, మళ్ళీ మడిచి వేసింది. హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ పేపర్లు నాతోపాటు ఇంకో ఇద్దరు లెక్చరర్లు దిద్దారు. ఆమె పంతొమ్మిది మాటలు రాసింది, అన్నీ మామూలు మాటలే. మూడో స్థానం వచ్చింది. మూడో స్థానానికి బహుమతి లేదు, సర్టిఫికెట్ మాత్రమే. స్టేజీ మీదికి వచ్చి తీసుకుని, కిందికి దిగుతూ మెట్ల దగ్గరే ఆగి, ఫోన్లో దాని ఫోటో తీసి వాళ్ళమ్మకు పంపింది. తర్వాత నా దగ్గరికొచ్చింది.

"థర్డ్ వచ్చింది సార్" అంది, నాకు తెలియనట్టు.

"చూసినానమ్మా."

"ఇది నాదే సార్" అని, ఆ కాగితం నలగకుండా పుస్తకం మధ్య పెట్టుకుని హాస్టల్ వైపు వెళ్ళింది.